టెక్ సందేహాలు: డబ్బు కట్ అయింది, అవతలివారికి చేరలేదు

ప్రశ్న: ఇంటి యజమానికి అద్దె కోసం యూపీఐలో 4,500 రూపాయలు పంపాను. నా ఖాతాలో కట్ అయ్యాయి కానీ ఆయనకు చేరలేదు. ఇక మిగిలింది 600 రూపాయలే, రెండు రోజుల్లో ఫోన్ ఈఎంఐ ఉంది. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు ఇంటర్నెట్‌లో ఎక్కడ దొరుకుతుంది? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దయచేసి ఆ నంబరును ఇంటర్నెట్‌లో వెతకవద్దు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వ్యక్తికి పంపిన యూపీఐ సొమ్ము అవతలి ఖాతాలో జమ కాకపోతే మర్నాటిలోగా మీ ఖాతాకు తిరిగి రావాలి. దుకాణానికి చెల్లించినదైతే గడువు 5 రోజులు. ఆ గడువు దాటిన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారాన్ని, మీరు అడగకపోయినా, బ్యాంకే జమ చేయాలి.

ఈ ప్రశ్న నాకు పదే పదే వస్తోంది. రాసినవారిలో కొందరు అప్పటికే నష్టపోయి ఉంటున్నారు. వెతికితే ముందుగా కనిపించే నంబర్లలో మోసగాళ్లు పెట్టినవీ ఉంటాయి. అవతలి మనిషి మర్యాదగా తెలుగులోనే మాట్లాడి, రీఫండ్ కోసమంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ వేసే ఫైలు) పంపుతాడు, లేదా మీ తెర తనకు కనిపించేలా చేసే యాప్ వేసుకోమంటాడు. దానికి ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి ఇచ్చిన క్షణం నుంచి మీ ఓటీపీలన్నీ అతని చేతికి వెళ్తాయి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. రీఫండ్ పేరుతో పిన్ అడిగితే అది మోసమే. ఇప్పటికే ఎవరైనా ఆ వలలో పడి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ తెలపాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారుతుంది.

అయితే తప్పంతా వాడేవారిదే అనడం అన్యాయం. చెల్లింపుల యాప్‌లలో ఫిర్యాదు మీట కోసం చరిత్ర (హిస్టరీ)లోకి, అక్కడి నుంచి లావాదేవీలోకి, ఆపై సహాయం (హెల్ప్)లోకి వెళ్లాలి. అప్పు ఇస్తామనే ప్రకటనకు మాత్రం మొదటి తెర మీదే చోటుంటుంది. చేతిలో 600 రూపాయలున్న మనిషికి ముందుగా కనిపించాల్సింది ఫిర్యాదు మీట. అది కనిపించకపోవడం వల్లనే జనం బయట నంబర్లు వెతుకుతున్నారు. ఈ రూపకల్పనను నేను క్షమించలేను.

మీరు చేయవలసింది ఇది: యాప్‌లో ఆ లావాదేవీని తెరిచి అక్కడే ఫిర్యాదు నమోదు చేయండి, అందులోని 12 అంకెల రిఫరెన్స్ నంబరు రాసుకోండి. బ్యాంకుకు ఫోన్ చేయాలంటే డెబిట్ కార్డు వెనుక ఉన్న నంబరునే వాడండి. బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఈఎంఐ సంగతి అంతకన్నా తొందరది. ఖాతాలో సొమ్ము లేక ఆటో డెబిట్ విఫలమైతే బ్యాంకు ఒక రుసుము, అప్పిచ్చిన సంస్థ మరొకటి వేసే అవకాశముంది కాబట్టి, ఈ రోజే ఆ సంస్థకు విషయం రాతపూర్వకంగా తెలిపి, వచ్చే నెల నుంచి వాయిదా తేదీని జీతం పడిన తరువాతి రోజుకు మార్చమని కోరండి. మీ ఖాతాకు కనీస నిల్వ నిబంధన ఉంటే, దాన్ని ప్రాథమిక పొదుపు ఖాతాగా మార్చమని శాఖలో దరఖాస్తు ఇవ్వండి. ఆ ఖాతాకు కనీస నిల్వ అక్కర్లేదు. మామూలు ఖాతాలోనైనా, కనీస నిల్వ లేదన్న రుసుము ఒక్కదాని వల్ల మీ నిల్వ సున్నా కిందికి పోకూడదని 2015 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది.