పెల్లెట్ స్టవ్ పొగ గొట్టం కిటికీ కింద నుంచి తీయొచ్చా?

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో పాత ఇల్లు కొన్నామని, ఇల్లు వెచ్చబరిచే ఆయిల్ ఖర్చు భరించలేక పెల్లెట్ స్టవ్ (చెక్కపొట్టు గుళికలు కాల్చి గదిని వెచ్చబరిచే పొయ్యి) పెట్టిస్తున్నామని రాశారు. హాల్ కిటికీ కింద గోడకు రంధ్రం చేసి గొట్టం నేరుగా బయటికి తీస్తే చాలని మీవారు అంటున్నారట. దయచేసి అక్కడ మాత్రం వద్దు. మేమూ ఈ రాష్ట్రంలోనే ఉంటాం, కొన్నేళ్లుగా పెల్లెట్ స్టవ్ వాడుతున్నాం. బిగించిన రోజు దగ్గరుండి చూసుకున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

కట్టెల పొయ్యి పొగ వేడికి దానంతటదే పైకి పోతుంది. పెల్లెట్ స్టవ్‌లో ఫ్యాన్ ఆ పొగను గొట్టంలోకి నెడుతుంది. గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఎక్కడ సన్న సందు దొరికినా పొగ గదిలోకే వస్తుంది. దాంతోపాటే కార్బన్ మోనాక్సైడ్ కూడా. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. అందుకే బట్టల డ్రయ్యర్ గొట్టం గానీ, గ్యాస్ హీటర్లకు వాడే బి-వెంట్ గానీ పనికిరావు. పెల్లెట్ల కోసమే తయారైన 'ఎల్' లేదా 'పీఎల్' రకం రెండు పొరల పైపే కావాలి. అతుకుల దగ్గర ఆ పైపు కంపెనీ చెప్పినట్టే సీల్ చేయాలి.

ఇక కిటికీ సంగతి. గొట్టం బయటి కొస, తెరుచుకునే ఏ కిటికీకైనా తలుపుకైనా పక్కనైనా కిందనైనా కనీసం 4 అడుగుల దూరంలో ఉండాలి, పైన అయితే 1 అడుగు చాలు. మీ స్టవ్ మాన్యువల్ ఇంకా ఎక్కువ అడిగితే అదే పాటించాలి. నేల నుంచి 1 అడుగు ఎత్తు చాలంటారు గానీ, ఇక్కడి మంచుకు అది ఏ మూలకూ రాదు. మీ గోడ పక్కన మంచు ఎంత ఎత్తు పేరుకుంటుందో పక్కింటివాళ్లను అడిగి, దానికి పైనే పెట్టించండి.

తుఫానులో కరెంటు పోతే ఫ్యాన్ ఆగిపోతుంది, కుంపట్లో గుళికలు మాత్రం ఇంకా రగులుతూనే ఉంటాయి. గొట్టం గోడలోంచి అడ్డంగా బయటికి పోతే ఆ పొగను పైకి లాగేదేమీ ఉండదు. మేం ముందు కొన్ని అడుగులు నిలువుగా లేపి, తర్వాత బయటికి తీయించాం. కరెంటు పోయినప్పుడు కాస్త వాసన వచ్చింది గానీ, పొగ చాలావరకు గొట్టంలోంచే పోయింది. ఖర్చు కొంచెం పెరిగినా ఈ ఒక్క విషయంలో రాజీపడకండి. అయితే పొడవు, వంపులు పెరిగితే 3 అంగుళాల పైపు సరిపోకపోవచ్చు. చాలా మాన్యువళ్లలో ఒక్కో 90 డిగ్రీల వంపును 5 అడుగులుగా లెక్కేస్తారు. మొత్తం 15 అడుగులు దాటితే 4 అంగుళాలది వేయమంటారు.

మీది చెక్క గోడల ఇల్లు. గొట్టం గోడ దాటే చోట థింబుల్ (గోడ రంధ్రంలో పైపు చుట్టూ బిగించే లోహపు తొడుగు) తప్పనిసరి. పైపుకీ చెక్కకీ మధ్య పైపు మీద రాసినంత ఖాళీ వదలాలి. మా ఇంట్లో పనికొచ్చిన కుర్రాడు ఆ ఖాళీలో ఇన్సులేషన్ కుక్కబోతే నేనే ఆపాను. ఆ ఖాళీ ఉన్నది చెక్కకు వేడి తగలకుండా ఉండటానికే.

మన వంటిళ్ల గురించి ఒక మాట. పోపు పెట్టేటప్పుడు పొయ్యి మీది హుడ్ ఫ్యాన్ ఫుల్‌లో పెడతాం కదా, అది ఇంట్లోని గాలినంతా బయటికి లాగేస్తుంది. అప్పుడు మా పెల్లెట్ స్టవ్ మంట మందగించి, దాని తలుపు అద్దం నల్లబడేది. బయటి గాలి నేరుగా స్టవ్‌కే అందేలా వేరే లోహపు గొట్టం వేయించాక కుదుటపడింది. ఆ గాలి ఆరుబయట నుంచే రావాలి, అటక నుంచో గరాజ్ నుంచో కాదు. ఎలుకలు దూరకుండా చివర జాలీ ఉండాలి.

టౌన్ పర్మిట్ తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకూ ముందే చెప్పండి. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారాలు స్టవ్ వెలిగించకముందే బిగించండి. గొట్టం మొదట్లో బూడిద తీయడానికి మూత ఉన్న 'టీ' (T ఆకారపు పైపు ముక్క) పెట్టించుకోండి, టన్ను గుళికలు కాలాక ఒకసారి శుభ్రం చేయాలి.

స్టవ్ మోడల్, అది పెట్టే గోడ, దగ్గర్లో ఉన్న కిటికీల దూరాలు ఇక్కడ రాయండి. గొట్టం ఎటు తీస్తే బాగుంటుందో చూసి చెప్తాను.