మాటిచ్చేది ఆయన, కుట్టేది మీరు

ప్రశ్న: పద్నాలుగేళ్లుగా ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడుతున్నాను. హుక్కులకు, చేతిపనికి ఒక అమ్మాయిని పెట్టుకున్నాను. ఆడపడుచు తనవే కాక తోటికోడళ్లవి, పక్కింటివాళ్లవి కూడా తెస్తుంది. మావారే ఫోనులో "పంపించు, మీ వదిన కుట్టిపెడుతుంది" అంటారు. నేనేమైనా అంటే "ఇంట్లో కూర్చుని చేసే పనేగా, నాలుగు కుట్లు వేస్తే పోయేదేముంది" అంటారు. లైనింగు, దారం, హుక్కుల డబ్బులే తీసుకుంటున్నాను. బంధువులకు రేటు ఎంత తగ్గిస్తే ఎవరూ నొచ్చుకోరు?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: ఎంత తగ్గించినా నొచ్చుకుంటారమ్మా. ఊరికే కుట్టించుకోవడం అలవాటైనవాళ్లకు పది రూపాయలూ ఎక్కువే. ఆ ప్రశ్న వదిలేయండి.

మీ బెంగంతా ఆడపడుచు గురించే. ఆవిడ తప్పు నాకు పెద్దగా కనిపించలేదు. అన్నయ్య పంపమంటే ఏ చెల్లెలు పంపదు? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మీ నడుం నొప్పితో మీవారు మంచి అన్నయ్య అనిపించుకుంటున్నారు. మాట్లాడవలసింది ఆయనతో.

నాలుగు కుట్లట! పట్టుచీరలోంచి కోసిన ముక్క మీద కత్తెర ఒక్క అంగుళం తప్పితే అలాంటి ముక్క మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? కుట్టు విప్పితే సూది గుర్తులు పట్టు మీద ఉండిపోతాయి. లైనింగు ముందే తడిపి ఆరబెట్టకపోతే మొదటి ఉతుకుకే లోపలిది కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. కొలత జాకెట్టు పాతదైతే, మనిషిని చూసి చంక దగ్గర ఎంత వదలాలో మీ చేతికి తెలుసు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగి, కంసాలి, కుమ్మరితోపాటు దర్జీ కూడా ఉన్నారు. ప్రభుత్వం వృత్తి అన్నదాన్ని మీ ఇంట్లో కాలక్షేపం అంటున్నారు.

మీరూ అలాగే అనుకుంటున్నారేమోనని నా అనుమానం. ఖర్చులంటే మూడే రాశారు. మిషను మరమ్మతు, కరెంటు, ఆ గది అద్దెకిస్తే వచ్చే డబ్బు, చంక బిగుతైందని తిరిగొచ్చిన జాకెట్టు మీద పోయే పూట... ఇవేవీ లేవు. సాయం చేసే అమ్మాయికి నెలనెలా జీతం ఇస్తున్నారు, సంతోషం. మీ జీతం ఏ గడిలో రాశారు?

ఆడపడుచు పెళ్లిరోజుకో, ఆవిడ కూతురి ఓణీల వేడుకకో ఒక జాకెట్టు కుట్టి, బొట్టు పెట్టి ఇవ్వండి. అది మర్యాద, మానుకోమని నేను అనను. కానీ అది మీరు పెట్టేది, ఆయన పెట్టించేది కాదు. మిగతావాటికి అందరి రేటే వేసి రసీదు రాయండి. మీవారు మాటిచ్చినవైతే రసీదు ఆయన పేరున రాసి, నెలాఖరున చేతికివ్వండి. చెల్లెలికి పెట్టుకోవాలని ఉంటే అన్నయ్య జేబులోంచే పెట్టుకుంటారు. గొడవ చేస్తారంటారా? చేయనివ్వండి. శ్రావణమాసం రాకముందే చెప్పండి, ఆ నెలలో మీకు వాదించే తీరిక ఉండదు.