డాక్టర్ సలహా: నెలలు నిండకముందు నొప్పులు వస్తే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దనవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇప్పుడు 30వ వారం. పోయిన వారం నొప్పులు వచ్చి తగ్గాయి. మళ్లీ వస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తామని డాక్టరమ్మ చెప్పారు. 2015లో ఆరు దేశాల్లో చేసిన అధ్యయనంలో ఈ మందు వల్ల శిశు మరణాలు పెరిగాయని మా అల్లుడు ఫోనులో చదివి, వద్దంటున్నాడు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ అల్లుడు చదివింది నిజమే. బెళగావి, నాగ్‌పూర్ ప్రాంతాలు కూడా ఆ అధ్యయనంలో ఉన్నాయి. అయినా ఆ ఒక్కదాన్ని చూసి ఇంజెక్షన్ వద్దనకండి.

ఈ మందుపై తొలి పరీక్ష ఫలితాలను న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హౌవీ 1972లో ప్రచురించారు. తర్వాత మరెన్నో పరీక్షలు జరిగాయి. చాలావరకు చిన్నవి కావడంతో కొన్నింటిలో లాభం స్పష్టంగా తేలలేదు. వాటిని విడివిడిగా చదివిన వైద్యులు తటపటాయించారు. 1990లో 12 పరీక్షలను ఒకచోట చేర్చి లెక్కకడితే, మందు ప్రాణాలు నిలుపుతోందని తేటతెల్లమైంది. ఆ లెక్క ముందే కట్టి ఉంటే దక్కేవారనిపించే పసిబిడ్డలను తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. దొరికిన పరీక్షలన్నిటినీ గాలించి, నాణ్యత తూచి, కలిపి చూసే ఈ పని పేరే క్రమబద్ధ సమీక్ష. ఇందుకోసమే 1993లో ఏర్పడిన కాక్రేన్ సంస్థ, ఈ ఇంజెక్షన్ పరీక్షల ఫలితాలను చూపే గీతలనే తన చిహ్నంగా పెట్టుకుంది. 2020లో ఆ సంస్థ సవరించిన సమీక్షలో 27 పరీక్షలు, 11 వేల మందికి పైగా తల్లులు ఉన్నారు. నవజాత శిశువుల మరణాలు ఐదో వంతుకు పైగా తగ్గాయి.

మరి 2015లో ఏం జరిగింది? అక్కడ మందును పల్లెల స్థాయిలో, వారాల లెక్క కచ్చితంగా తెలియని తల్లులకు కూడా ఇచ్చారు. తీసుకున్నవారిలో ఎక్కువమంది బరువు బాగానే ఉన్న బిడ్డలను కన్నారు. అవసరం లేని బిడ్డలకే మందు ఎక్కువగా చేరిందన్నమాట. ఆ హెచ్చరికను ఎవరూ కొట్టిపారేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో, స్కాన్‌తో వారాలు నిర్ధారించుకుని, 2,852 మంది తల్లులతో మళ్లీ పరీక్షించింది. 2020లో వెలువడిన ఫలితాల్లో నవజాత శిశువుల మరణాలు నూటికి 23.5 నుంచి 19.6కు తగ్గాయి.

అందుకే ఇంజెక్షన్‌కు ముందు డాక్టర్లు చూసేవి ఇవి: వారాల లెక్క సరైనదేనా, వారంలోపు కాన్పు అయ్యే సూచనలు ఉన్నాయా, తల్లికి ఇన్ఫెక్షన్ ఉందా, పుట్టిన బిడ్డను చూసుకునే వసతి ఉందా. ఇవన్నీ కుదిరినప్పుడు మీ డాక్టరమ్మ ఇస్తానంటే ఒప్పుకోండి. అమ్మాయికి షుగర్ ఉంటే ముందే చెప్పండి, కొన్ని రోజులు అది పెరుగుతుంది.

మళ్లీ నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా తొలి స్కాన్ రిపోర్టు తీసుకుని, నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. మందు పూర్తిగా పనిచేయడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి, అర్ధరాత్రి అయినా తెల్లవారేదాకా ఆగకండి.