అంటార్కిటికా వేట నౌకల్లో అబ్జర్వర్ ఉద్యోగం: బైపీసీ అమ్మాయికి దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. నీట్ రాయనంటోంది. అంటార్కిటికా వైపు చేపలు పట్టే నౌకల్లో ఉండి, సముద్ర పక్షులు చావకుండా చూసే ఉద్యోగం చేస్తానంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఆడపిల్లను పంపొచ్చా? హైదరాబాద్‌లో ఉండి ఏం చదివించాలి?
- ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఉందండి. దాన్ని సైంటిఫిక్ అబ్జర్వర్ ఉద్యోగం అంటారు. దక్షిణ ధ్రువ సముద్రంలో వేటకు నియమాలు పెట్టేది కామ్లార్ అనే అంతర్జాతీయ కమిషన్. 1982లో అమల్లోకి వచ్చిన ఒప్పందం కింద ఏర్పడింది. కార్యాలయం ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో. మన దేశమూ అందులో సభ్యురాలే. అక్కడ టూత్‌ఫిష్ అనే పెద్ద చేపను పట్టే ప్రతి నౌకలోనూ అబ్జర్వర్ ఉండి తీరాలి.

పక్షులకూ వేటకూ సంబంధం ఏమిటంటారేమో. టూత్‌ఫిష్ కోసం వేల గాలాలు కట్టిన పొడవాటి తాడును నౌక వెనక నుంచి వదులుతారు. ఎర మునిగేలోపు ఆల్బట్రాస్, పెట్రెల్ పక్షులు దాని మీద వాలతాయి. గాలం గుచ్చుకుంటే తాడుతోపాటే నీళ్లలోకి పోయి చనిపోతాయి. రెక్కలు చాపితే మూడు మీటర్లు దాటే వాండరింగ్ ఆల్బట్రాస్ రెండేళ్లకు ఒక్క గుడ్డే పెడుతుంది. పెద్ద పక్షి ఒకటి పోతే ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది. 1990ల మధ్యలో ఒక్క సీజన్‌లోనే వేల పక్షులు ఇలా పోయాయి. తర్వాత తాళ్లకు బరువులు కట్టడం, రాత్రిపూటే వదలడం, పక్షులను బెదరగొట్టే రంగు పీలికల తాడు వెనక ఎగరేయడం, పక్షులు పిల్లల్ని పెంచే నెలల్లో కొన్నిచోట్ల వేట ఆపడం వంటివి తప్పనిసరి చేశారు. నష్టం బాగా తగ్గింది.

ఈ నియమాలు నిజంగా పాటిస్తున్నారా అని చూసేది అబ్జర్వరే. ఒక పరీక్ష చెబుతాను, మీ అమ్మాయికి వినిపించండి. ఖాళీ ప్లాస్టిక్ సీసాకు 10 మీటర్ల సన్నతాడు కట్టి, రెండో కొసను గాలాల తాడుకు తగిలిస్తారు. తాడు నీళ్లలో పడ్డప్పటి నుంచి సీసా మునిగేదాకా స్టాప్‌వాచ్ పట్టుకుని చూస్తారు. తాడు సెకనుకు కనీసం 0.3 మీటర్ల వేగంతో మునగాలన్నది నియమం. అంటే 33 సెకన్లలో సీసా కనబడకుండా పోవాలి. 40 పడితే 40 అనే రాయాలి. ఏ కెప్టెన్‌తో కలిసి రోజూ భోంచేస్తుందో, ఆయనకు నచ్చని అంకెను ఆయన నౌకలోనే కూర్చుని రాయాలి. ఈ ఉద్యోగానికి కావలసిన మొదటి గుణం అదే. పక్షుల మీద ప్రేమ ఉంటే మంచిదే, కానీ అది ఒక్కటే చాలదు.

ఇంకో సంగతి. పనిలో ఎక్కువ భాగం చేపలతోనే. పొడవు, బరువు కొలవడం, ఆడా మగా చూడటం, వయసు లెక్కకు తల కోసి ఒటోలిత్ అనే చెవిరాయి తీయడం, కొన్ని చేపలకు ట్యాగ్ వేసి వదలడం. నెలల తరబడి చలిలో, ఊగే నౌకలో.

అందుకే వైల్డ్‌లైఫ్ కంటే ముందు ఫిషరీస్ చదివించమంటాను. తెలంగాణలో పెబ్బేరు కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ అనే నాలుగేళ్ల ఫిషరీస్ డిగ్రీ ఉంది, ఎప్‌సెట్ ర్యాంకుతో సీటు వస్తుంది. తర్వాత ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ప్రవేశ పరీక్ష రాసి ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈలో పీజీ చేయొచ్చు, లేదా ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ చదవొచ్చు. స్టాటిస్టిక్స్, ఆ లెక్కలకు వాడే ‘ఆర్’ (R) ప్రోగ్రామింగ్ మాత్రం వదలొద్దు. హైదరాబాద్‌కు సముద్రం లేదని దిగులు పడకండి. మీ ఇంటికి దగ్గర్లోనే ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. ఉపగ్రహాల సమాచారంతో చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పే సంస్థ అది. డిగ్రీలో ఉండగా అక్కడ ప్రాజెక్టుకు ప్రయత్నించమనండి. పక్షుల లెక్కింపు నేర్చుకోవడానికి చలికాలంలో అమీన్‌పూర్ చెరువు చాలు.

ఉద్యోగం నేరుగా దొరకదు. నౌక ఒక దేశానిదైతే అబ్జర్వర్ మరో సభ్య దేశం నుంచి రావడం అక్కడి పద్ధతి. పని ఎక్కువగా కాంట్రాక్టు మీదే ఉంటుంది. వీసా పెద్ద అడ్డంకి, నౌకల్లో పనిచేసేవాళ్లకు ఇచ్చే ఎస్‌టీసీడబ్ల్యూ భద్రతా శిక్షణ, వైద్య పరీక్ష తప్పనిసరి. కాబట్టి ముందు ఇక్కడే అనుభవం సంపాదించాలి. విశాఖలో సముద్ర చేపల సర్వే చేసే ప్రభుత్వ సంస్థ ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం ఉంది. కొచ్చిలో సముద్ర జీవుల మీద పరిశోధించే సీఎంఎల్‌ఆర్‌ఈ, గోవాలో ధ్రువ ప్రాంతాల పరిశోధన సంస్థ ఎన్‌సీపీఓఆర్ దక్షిణ ధ్రువ సముద్రం మీద కూడా పనిచేస్తాయి. 1995-96లోనే మన సాగర్ సంపద పరిశోధన నౌక క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవి మీద పరిశోధనకు అంత దూరం వెళ్లొచ్చింది. నిజం చెప్పాలంటే, స్థిరమైన జీవితం కోరుకునే కుటుంబానికి ఈ ప్రభుత్వ సంస్థల దారే మేలు.

భద్రత గురించి మీరు అడగడం సబబే. మహిళలు ఈ పని చేస్తున్నారు. కానీ అబ్జర్వర్లు బెదిరింపులకు గురైన, సముద్రంలో కనబడకుండా పోయిన ఘటనలు ప్రపంచంలో ఉన్నాయి. సంతకం పెట్టేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగాలి: లోపల గడియ ఉన్న ప్రత్యేక గది ఇస్తారా, కెప్టెన్‌తో పని లేకుండా ఒడ్డుతో మాట్లాడే శాటిలైట్ పరికరం ఇస్తారా, ఫిర్యాదు వస్తే ఎవరు, ఎన్ని గంటల్లో స్పందిస్తారు. జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే ఆ కంపెనీ వద్దు.

నీట్ కోసం బలవంతం చేయకండి. ఎప్‌సెట్ మాత్రం తప్పకుండా రాయించండి. పరీక్షలు అయ్యాక విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు తీసుకెళ్లి, తెలిసినవాళ్ల బోటులో ఒక పూట సముద్రం మీదికి పంపండి. వాంతులు అయినా సరే మళ్లీ వెళ్తానంటే, బీఎఫ్‌ఎస్సీకి ఆప్షన్ పెట్టండి.