డీజిల్ ట్యాంకులో నల్లటి జిగురు: కారణం, చికిత్స

ప్రశ్న: గుణుపురంలో మాకు చిన్న రైస్ మిల్లు ఉంది. కరెంటు పోయినప్పుడు నడపడానికి 62.5 కేవీఏ జనరేటరు పెట్టుకున్నాం. వేసవిలో నింపిన డీజిలే వానాకాలమంతా దాని ట్యాంకులో ఉండిపోయింది. ఖరీఫ్ వడ్లు వచ్చి మిల్లు మొదలుపెట్టాక నెల రోజుల్లో మూడు ఫిల్టర్లు మార్చాం. లోడు పడగానే ఇంజను మూలిగి ఆగిపోతోంది. ఫిల్టరు అడుగున నల్లటి జిగురు కనిపిస్తోంది. బంకులో కిరోసిన్ కలిపారని మా మెకానిక్ అంటున్నాడు, నాచు పట్టిందని మరొకరు అంటున్నారు. ఏది నిజం? - ఒక పాఠకుడు, రాయగడ జిల్లా

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే రెండూ కాకపోవచ్చు. కిరోసిన్ కలిస్తే డీజిల్ పలచబడి సాంద్రత తగ్గుతుందే గాని జిగురు పుట్టదు. ఇక నాచు బతకాలంటే వెలుతురు కావాలి, మూసి ఉన్న ఇనుప ట్యాంకులో అది పెరగదు. మెకానిక్కులు వాడుకగా నాచు అనేది నిజానికి బాక్టీరియా, ఈస్టు, బూజు కలిసి కట్టే తెట్టు. అందులో హార్మోకోనిస్ రెసినే అనే బూజు ముఖ్యమైనది. విమానాల ఇంధన ట్యాంకుల్లో విపరీతంగా పెరిగి కిరోసిన్ బూజు అని పేరు తెచ్చుకున్నది ఇదే. సూడోమోనాస్ జాతి బాక్టీరియా కూడా తరచుగా దానితో పాటే ఉంటుంది.

వీటికి ఆహారం డీజిల్, నివాసం మాత్రం నీరు. డీజిల్ కంటే నీరు బరువైనది కాబట్టి ట్యాంకు అడుగుకు చేరుతుంది, ఆ నీటికీ పైనున్న డీజిల్‌కూ మధ్య గీతలా ఉండే చోటే ఈ జీవులు కాపురం పెడతాయి. మీ ట్యాంకులోకి నీరు ఎవరో పోస్తే రాలేదు. ఇంజను నడిచేటప్పుడు వాడగా మిగిలిన డీజిల్ వేడెక్కి రిటర్న్ పైపు గుండా ట్యాంకులోకి తిరిగి వస్తుంది. రాత్రి చల్లబడినప్పుడు ఖాళీ భాగంలోని గాలిలో ఉన్న తేమ ట్యాంకు గోడలకు చెమటలా పట్టి, బొట్లుగా కిందికి జారుతుంది. వంశధార ఒడ్డున వానాకాలంలో గాలి ఎంత తడిగా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. 25 నుంచి 35 డిగ్రీల వేడి వీటికి ఎంతో అనుకూలం, మన ప్రాంతంలో ఏడాదిలో అధిక భాగం అదే వాతావరణం. దీనికి తోడు బయోడీజిల్ కలిసిన ఇంధనం మామూలు డీజిల్ కంటే ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది.

బంకును నిందించే ముందు ఒక పరీక్ష చేయండి. జనరేటరును ఒక రాత్రంతా కదపకుండా ఉంచి, మర్నాడు ట్యాంకు అడుగున అతి లోతైన మూల నుంచి చేతి పంపుతో అర లీటరు తీసి శుభ్రమైన గాజు సీసాలో పోయండి. పైనుంచి తీసిన నమూనా ఏమీ చెప్పదు, ఎందుకంటే అక్కడ డీజిల్ తేటగానే కనిపిస్తుంది. రెండు గంటలు సీసాను కదపకుండా వదిలితే అడుగున నీరు, పైన డీజిల్ విడిపోతాయి. మధ్యలో చల్లారిన గంజి మీద కట్టే పొరలాంటిది, గోధుమ రంగులోనో నలుపులోనో, సీసా వంచినప్పుడు ముక్కలు కాకుండా సాగుతూ కదిలితే అది జీవుల తెట్టే. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే గంధకపు లవణాలతో బతికే బాక్టీరియా కూడా చేరిందని, అది లోపల ఇనుమును తినడం మొదలై ఉండవచ్చని అర్థం. అడుగు నీటిలో పీహెచ్ కాగితం ముంచినప్పుడు ఆమ్లం చూపితే అనుమానం మరింత బలపడుతుంది. పాత ఫిల్టరును కోసి మడతలు విప్పి, గ్లవ్స్ వేసుకుని వేళ్ల మధ్య రుద్ది చూడండి. తుప్పు ఇసుకలా గరగరమంటుంది, పాతబడిన డీజిల్ బంక అంటుకుంటుంది, తెట్టు మాత్రం జారిపోతుంది. ఇంకా నిర్ధారణ కావాలంటే నమూనాను ప్రయోగశాలకు పంపించి సూక్ష్మజీవుల లెక్క కట్టించవచ్చు.

ఇక చికిత్స. మొదట నీరు, తర్వాత మడ్డి, ఆ తర్వాతే మందు. ఈ వరుస తారుమారు చేయవద్దు. అడుగున నీరు, జిగురు అలాగే ఉండగా మందు పోస్తే తెట్టు పైపొర మాత్రమే చచ్చి, కింది జీవులు మందు అందక బతికిపోతాయి. ఎంతోమంది డబ్బు ఇక్కడే వృథా అవుతోంది. జనరేటరు బేస్ ట్యాంకు (ఇంజను కింద ఉండే ట్యాంకు) డ్రెయిన్ ప్లగ్ చాలా వాటిలో పక్కన కొంచెం ఎత్తుగా ఉంటుంది. దాన్ని విప్పినంత మాత్రాన అడుగు నీరంతా పోదు. కాబట్టి పైపు దించి చేతి పంపుతోనే పూర్తిగా తోడండి. వీలైతే ట్యాంకు విప్పించి గోడలకు అంటిన జిగురును గీకించండి. మనిషి దిగేంత పెద్ద ట్యాంకయితే ఎవరినీ లోపలికి దించవద్దు, అందులోని ఆవిరికి ఊపిరాడక ప్రాణం పోతుంది.

మందు అంటే డీజిల్ కోసమే తయారైన జీవనాశిని. వీటిలో కొన్ని ఐసోథియాజోలినోన్ రకం, కొన్ని ఆక్సజోలిడిన్ రకం. డబ్బా మీద 200 పీపీఎం (పది లక్షల భాగాలకు 200 భాగాలు) అని ఉంటే 1000 లీటర్ల డీజిల్‌కు 200 మిల్లీలీటర్లు, 200 లీటర్ల పీపాకు 40 మిల్లీలీటర్లు అని లెక్క. మందు చర్మానికి, కళ్లకు చాలా హానికరం కాబట్టి గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పోసిన తర్వాత బాగా కలిసేలా తిప్పి, డబ్బా మీద చెప్పినంత సేపు, సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు, జనరేటరును నడపకుండా ఉంచండి. తర్వాత చచ్చిన తెట్టు ఊడివచ్చి మొదటి కొన్ని గంటల్లోనే ఫిల్టర్లను మూసేస్తుంది. మందు పనిచేయలేదని కంగారుపడవద్దు, రెండు మూడు ఫిల్టర్లు చేతిలో ఉంచుకుని మార్చండి, మార్చిన ప్రతిసారీ ప్రైమింగ్ పంపుతో (డీజిల్‌ను చేత్తో ఎక్కించే చిన్న పంపు) ఇంధన పైపుల్లోని గాలి తీసేయండి. తోడిన నీరు, మడ్డి పొలంలోనో కాలువలోనో పారబోయకండి. వాటిని మూతపెట్టిన పీపాలో ఉంచి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న వ్యర్థాల సంస్థకు అప్పగించండి.

ప్రశ్న: బ్లీచింగ్ పౌడరు కరిగించి పీపాలో కొంచెం పోస్తే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. పోయవచ్చా? - ఒక రైతు, పర్లాకిమిడి

జవాబు: పోయవద్దు. అది నీటితో కలిసి పోసేది కాబట్టి జీవులకు మీరే మరింత నీరు ఇచ్చినట్టవుతుంది. పైగా క్లోరిన్ ఇనుమును, ఇంజెక్టర్లను తుప్పు పట్టిస్తుంది.

ప్రశ్న: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటి నుంచి ఏటా రెండు పీపాల డీజిల్ దాచి ఉంచుతున్నాం. ఎంతకాలం ఉంచవచ్చు? - ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: ముందుచూపు మంచిదేనండీ, దాచే పద్ధతి మాత్రం చూసుకోవాలి. ఆరు నెలల లోపల వాడేసి కొత్తది నింపుకోవడం మేలు. పీపాలో ఖాళీ ఎంత తక్కువ ఉంటే తేమ అంత తక్కువగా చేరుతుంది, కాబట్టి దాదాపు నిండుగా ఉంచండి. నిలబెట్టిన పీపా పైభాగంలో వాననీరు నిలిచి మూత చుట్టూ లోపలికి ఇంకుతుంది. అందుకని పందిరి కింద, ఎండ తగలని చోట, ఇటుకల మీద కొంచెం వంచి ఉంచి, నీరు చేరే వైపు కాకుండా మూత ఎత్తు వైపు ఉండేలా చూడండి. జింకు పూత ఉన్న పీపాలు వాడవద్దు, డీజిల్‌లో పుట్టే ఆమ్లాలతో జింకు కలిసి సబ్బులాంటి మడ్డి తయారవుతుంది. నెలకోసారి అడుగు నుంచి ఒక గ్లాసు తీసి చూసి, నీరు కనిపించిన రోజునే తోడేయండి. వానాకాలంలో వారానికోసారి చూడండి.