వన్‌డ్రైవ్ పర్సనల్ వాల్ట్‌లో భూమి కాగితాలు

కావలి దగ్గరి చెరువుల కాగితాలు వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ)లోని పర్సనల్ వాల్ట్ అనే తాళం ఉండే ఫోల్డర్‌లో పెడుతుంటే నాలుగో ఫైలు ఎక్కడం లేదని, ఒంగోలులోని తమ్ముడికి లింకు కూడా వెళ్లడం లేదని అడిగారు. రెండూ లోపాలు కావు. ఉచిత ఖాతాలో వాల్ట్‌కు 3 ఫైళ్లే పరిమితి. లోపల ఉన్నంతసేపు దేన్నీ షేర్ చేయలేం కూడా.

అందుకే తమ్ముడితో పంచుకోవలసిన కౌలు ఒప్పందాన్ని మామూలు ఫోల్డర్‌లోకి మార్చి, అక్కడి నుంచి లింకు పంపండి. మిగతావి సర్వే నంబరు వారీగా ఒక్కో పీడీఎఫ్‌గా కలపండి: ముందు లింకు దస్తావేజులు (మీకంటే ముందు ఆ భూమి చేతులు మారినప్పటివి) పాతవాటి నుంచి వరుసగా, తర్వాత మీ రిజిస్ట్రేషన్ దస్తావేజు, ఈసీ (భూమిపై లావాదేవీలు, తాకట్టులు చూపే ధ్రువపత్రం), చివర పాసుపుస్తకం. బ్యాంకు వకీలు చూసేది కూడా దాదాపు ఈ వరుసలోనే. మనుషుల పేర్లతో విడగొట్టకండి, పంపకాలు జరిగితే అంతా తారుమారవుతుంది.

ఫైలు పేరులో ఆధార్ నంబరు మాత్రం దయచేసి రాయకండి. తాళం పడినా ఫైళ్ల పేర్లకు ఆ రక్షణ ఉండదని మైక్రోసాఫ్టే చెబుతోంది.

ఈ పని కంప్యూటర్‌లో చేసుకోండి. ఫోనులో 3 నిమిషాలు ముట్టుకోకపోతే వాల్ట్ మూసుకుంటుంది, కంప్యూటర్‌లో 20 నిమిషాల దాకా ఆగుతుంది.