పొట్లంలో ఉన్నది కూర దుంప కాదు

ఉదయగిరి,
రోహిణి కార్తె

చిన్నమ్మాయీ,

మీ పెదనాన్న రేపు నెల్లూరు వస్తున్నారు. ఆయన సంచిలో న్యూస్‌పేపర్ చుట్టిన పొట్లం నీకే. ముందే చెప్తున్నా, దాన్ని వంటింట్లో పెట్టొద్దు. చేమదుంపల బుట్ట పక్కన అసలే వద్దు. అది అడవినాభి దుంప. పొత్తిదుంప అన్నా ఇదే.

పోయిన భాద్రపదంలో పెంచలకోనకు వెళ్లొచ్చి, పొదల మీద పూసిన ఇదే తీగ ఫోటో పంపి "ఈసారి వెళ్తే తవ్వి తెచ్చుకుంటా పెద్దమ్మా" అన్నావు చూడు, ఆ మాటకు భయపడే పంపుతున్నా. ఆ కొండలు పెనుశిల నరసింహ అభయారణ్యం. అక్కడ ఏదీ తవ్వకూడదు. ఇది మా పెరటి కంచెలో పెరిగిందే.

పొట్లం మెల్లగా విప్పు. రెండు కొమ్ములుగా, నాగలిలా వంగి ఉంటుంది. సంస్కృతంలో లాంగలి అన్నది అందుకే. ఒక్కో కొమ్ము కొసన ఒక్కటే మొలక కన్ను. అది విరిగితే ఆ కొమ్ము ఇక మొలవదు. బంగాళాదుంపలా ముక్కలు కోసి నాటే తెలివి ఇక్కడ చూపించకు.

కుండీ పన్నెండు అంగుళాలన్నా ఉండాలి, అడుగున చిల్లులు ధారాళంగా ఉండాలి. సగం ఎర్రమట్టి, మిగతా సగంలో పెన్నా ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలుపు. దుంపను పడుకోబెట్టి పైన రెండు మూడు అంగుళాల మట్టి కప్పు. ఒకసారి తడిపి వదిలెయ్యి. మృగశిర చినుకులు పడ్డాక మొలక వస్తుంది. అప్పటిదాకా రోజూ చెంబు పట్టుకుని దాని చుట్టూ తిరగొద్దు.

ఎందుకంటున్నానంటే, మొదటి ఏడు నేను చేసిన పని అదే. శీతాకాలంలో తీగ ఎండిపోతే నీళ్లు చాలలేదనుకుని వేసవంతా రెండు పూటలా పోశాను. తవ్వి చూస్తే దుంప చిక్కటి గంజిలా అయిపోయింది. తర్వాతి ఏడు ఇంకో దుంప పెట్టి, ఎండాక నీళ్లు మానేశాను. మీ పెదనాన్న అది చచ్చిందనుకుని అదే కుండీలో పుదీనా గుచ్చారు. వారానికల్లా వాన పడి, పుదీనా మధ్యలోంచి నాభి మొలక లేచింది. పుదీనా అంతా పీకి పారేశాం. ఆ పచ్చడి పోయిందని ఆయన ఇప్పటికీ బాధపడతారు.

అడవిలో ఇది పొద కింద పుట్టి పైకి పాకి ఎండను అందుకుంటుంది. మీ మేడ మీదా అంతే. మొదలుకు నీడ, తీగకు పొద్దుటి ఎండ. ఆకు కొసే నులితీగలా చుట్టుకుంటుంది కాబట్టి లావు కర్ర దానికి పనికిరాదు. సన్నటి ఎండు కొమ్మలో, దారాలో కట్టు.

పువ్వు రోజూ చూడు. మొగ్గ తల వంచుకుని వేలాడుతుంది. విచ్చుకునేటప్పుడు ఆరు రేకులూ అలలు తిరిగిన అంచులతో పైకి మడుచుకుపోతాయి. ఆకుపచ్చ పోయి పసుపు, ఆ పసుపు మీదికి కొసల నుంచి ఎరుపు. నాలుగు రోజులు పోయాక పువ్వంతా ఎరుపే. తమిళనాడు తన రాష్ట్ర పుష్పంగా పెట్టుకుందంటే ఆశ్చర్యమేముంది? అక్కడ గింజల కోసం పొలాల్లోనూ వేస్తారు.

మనకు అసలు గండం అక్టోబరు తర్వాత. మన దగ్గర వానంతా అప్పుడే కదా, సరిగ్గా తీగ పండుబారే వేళకు వాయుగుండాలు వస్తాయి. ఆకులు పసుపు తిరగగానే కుండీని చూరు కిందకు లాగెయ్యి, నీళ్లు ఆపెయ్యి.

ఇక మీ పిల్లవాడి సంగతి. దుంప, గింజ, ఆకు, పువ్వు, అన్నింట్లోనూ కాల్చిసిన్ అనే విషం ఉంది. గౌట్ అనే కీళ్ల నొప్పులకు వాడే ఒక మందు చేసేది దాంతోనే, కానీ ఆ మోతాదు డాక్టరు చేతిలో ఉండాలి. ఉడికించినా పోదు. తింటే వెంటనే ఏమీ కనిపించకపోవచ్చు, కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కాబట్టి నోట్లో పెట్టుకున్నాడని అనుమానం వచ్చినా లక్షణాల కోసం చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తు, ఆ ముక్క కూడా తీసుకెళ్లు. కుండీ వాడికి అందనిచోట పెట్టలేకపోతే పొట్లం విప్పకుండా మీ పెదనాన్నతోనే తిప్పి పంపు, నేనేమీ అనుకోను. వాడు కాస్త పెద్దయ్యాక మళ్లీ పంపుతా.

నాటితే మాత్రం గ్లౌజులు వేసుకో. ఆ న్యూస్‌పేపర్‌ను కూరగాయల కింద పరవకు, చెత్తలో వెయ్యి.

మీ పెద్దమ్మ